10×12 గదిలో స్పీకర్లు ఎక్కడ పెట్టాలి?

మంచి ఆంప్లిఫయర్, మంచి స్పీకర్లు కొని, వాటిని టీవీ యూనిట్ మీద చెరో మూలకు నెట్టేసి, ఒకదాని మీద పూలకుండీ కూడా పెట్టి పాటలు వినడం మన ఇళ్లలో మామూలే. కొన్నాళ్లకు బేస్ గుమ్మంటోందనీ, గొంతు తేటగా లేదనీ అనిపిస్తుంది. అప్పుడు కేబుల్ మారుస్తారు, ఆ తర్వాత ఆంప్లిఫయర్ మారుస్తారు. స్పీకర్ మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. అసలు చేయాల్సింది దాన్ని కదపడమే. దానికి ఒక కొలత టేపు, మాస్కింగ్ టేపు, చేతి అద్దం, కదలికకు ఓపిగ్గా సాయం పట్టే మనిషి ఉంటే చాలు.

అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించే 10 బై 12 అడుగుల బెడ్‌రూమునే ఉదాహరణగా తీసుకుందాం. స్లాబ్ ఎత్తు 10 అడుగులు, కింద విట్రిఫైడ్ టైల్స్, గోడలకు సిమెంటు ప్లాస్టర్ మీద పుట్టీ, పెయింటు. స్పీకర్లు స్టాండు మీదో అర మీదో పెట్టే మధ్యరకం బుక్‌షెల్ఫ్ జత అనుకోండి. మీ గది కొలతలు వేరైతే అంకెలు మారతాయి గానీ పని వరస మారదు. ముందు బేస్ సంగతి తేల్చాలి, ఆ తర్వాతే గొంతు మధ్యలోకి తేవడం, స్టేజ్ వెడల్పు (పాట ఎంత వెడల్పున పరుచుకుని వినిపిస్తుందో అది) చూసుకోవడం. చాలామంది ఇది తిరగేసి చేస్తారు. స్పీకర్ల కోణం సరిచేయడానికి గంటలు పెడతారు, ఆఖర్లో బేస్ కోసం స్పీకర్‌ని ఒక అడుగు జరిపేసరికి చేసిన పనంతా వృథా.

గది ఏం చేస్తుందో ముందు చూడండి

ధ్వని సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపుతో దాన్ని భాగిస్తే ఆ రెండు గోడల మధ్య గాలి ఏ స్వరానికి ఊగుతుందో తెలుస్తుంది. 12 అడుగుల పొడవుకు అది 47 హెర్ట్జ్, అంటే సెకనుకు 47 కంపనాలు. 10 అడుగుల వెడల్పుకు 56. ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి అక్కడా 56. అంటే మన ఉదాహరణ గదిలో 56 దగ్గర రెండు దెబ్బలు ఒకేచోట పడుతున్నాయి. బేస్ గిటార్‌లో ‘ఏ’ తీగ వట్టిగా మీటితే 55 హెర్ట్జ్. పాటలో ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గది ఉబ్బి, పక్క స్వరాలు సన్నగా వినిపిస్తే ఆ తప్పు స్పీకర్ది కాదు. ఇక 10 బై 10 గది, 10 అడుగుల స్లాబ్ అయితే మూడు వైపులా అదే అంకె. వీలుంటే సంగీతానికి ఆ గదిని వదిలేసి వేరే గది చూసుకోండి.

ఇంకో సంగతి. నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ గోడలు చెక్క ఫ్రేము మీద జిప్సమ్ బోర్డు కొట్టినవి. అవి కాస్త వణుకుతాయి, ఆ వణుకులో కొంత బేస్ తాగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు వచ్చిన బేస్‌ను వచ్చినట్టే తిప్పికొడతాయి. అందుకే విదేశీ రివ్యూలో ‘బేస్ కాస్త తక్కువ’ అని రాసిన స్పీకర్ మన గదిలో సరిపోతుంది. ‘బేస్ అదిరింది’ అన్న టవర్ స్పీకర్ ఇదే గదిలో తలనొప్పి తెస్తుంది. చిన్న గదికి చిన్న స్పీకరే మేలని నేను గట్టిగా చెబుతాను.

ఏ గోడ వైపు?

మామూలుగా పొట్టి గోడ, అంటే 10 అడుగుల గోడ, స్పీకర్ల వెనక ఉండాలి. ధ్వని గది పొడవునా సాగాలి. అప్పుడే మీ వెనక, స్పీకర్ల వెనక తగినంత చోటు మిగులుతుంది. కానీ దీనికంటే ముఖ్యమైంది రెండు పక్కలూ ఒకేలా ఉండటం. ఎడమ స్పీకర్ పక్కన గోడ, కుడి స్పీకర్ పక్కన తెరిచిన తలుపు ఉంటే ఎడమవైపు బేస్ బరువుగా, కుడివైపు పల్చగా వస్తుంది. పొట్టి గోడ దగ్గర అలాంటి తేడా తప్పదనుకుంటే నిస్సంకోచంగా పొడవు గోడకు మారండి. ఒక పక్క వార్డ్‌రోబ్, ఇంకో పక్క కిటికీ ఉంటే కిటికీకి మందపాటి కర్టెన్ వేసి వినేటప్పుడు మూసేయండి. స్పీకర్ల మీదుగా సజ్జ పోతుంటే గోడంతా పోనివ్వండి, సగంలో ఆగే సజ్జ కింద ఒక్క స్పీకర్ మాత్రం ఇరికించకండి. ఆ సజ్జ మీద పాత పరుపులు, బొంతలు ఉంటే తీయకండి, అవి అక్కడ మంచి పనే చేస్తున్నాయి.

ఈశాన్యం మూల బరువు పెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వాదించకండి. మూలలో స్పీకర్ పెట్టొద్దనే మనమూ అంటున్నాం, కారణాలే వేరు. మూలలో రెండు గోడలూ కలిసి బేస్‌ను విపరీతంగా పెంచుతాయి.

మొదలుపెట్టే ముందు

బేస్ బూస్ట్, లౌడ్‌నెస్, ఈక్వలైజర్, ఫోన్‌లో ఉండే త్రీడీ ఎఫెక్టులు అన్నీ ఆపేయండి. బ్యాలెన్స్ మీట మధ్యలో ఉండాలి. వీలైతే ఫ్యాన్ కూడా ఆపండి. ఎండాకాలంలో ఈ మాట చెప్పడం సులువేగానీ, ఫ్యాన్ రెక్కలు పై స్వరాలను, అంటే ట్రెబుల్‌ను తరిగినట్టు చేస్తాయి, మీరు వింటున్నది ఏమిటో తేలదు.

ఆ తర్వాత వైర్లు. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే పోయిందో లేదో రెండు స్పీకర్లకూ చూడండి. ఒకదాంట్లో తిరగబడితే రెండు వూఫర్లు (బేస్ ఇచ్చే పెద్ద కోన్లు) ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కదులుతాయి. బేస్ మాయమవుతుంది, గొంతు ఎక్కడినుంచి వస్తుందో తెలియదు, ఆ స్థితిలో ఎన్ని అంగుళాలు జరిపినా లాభం లేదు. అనుమానంగా ఉంటే ఆంప్లిఫయర్ ఆపేసి, దాని దగ్గర వైర్లు రెండూ ఊడదీసి, గడియారంలో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్ కొనను ఎర్ర వైరుకు, మైనస్ కొనను నల్ల వైరుకు ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ దగ్గర నిలబడ్డ మనిషికి వూఫర్ ముందుకు ఉబికినట్టు కనబడాలి. రెండో స్పీకర్‌కూ అలాగే రావాలి. లోపలికి పోతే ఎక్కడో వైరు తిరగబడిందన్నమాట.

కుర్చీ ముందు, స్పీకర్లు తర్వాత

గోడకు ఆనించిన మంచం మీద కూర్చుని వినడం హాయిగా ఉంటుంది, కానీ బేస్‌కు అది చెడ్డ చోటు. గోడ దగ్గర అన్ని కింది స్వరాలూ పేరుకుపోతాయి. పోనీ గది సరిగ్గా నడుమ కూర్చుందామంటే అక్కడ ఇంకో ఇబ్బంది. 12 అడుగుల గదిలో 6 అడుగుల దగ్గర, ఇందాక చెప్పిన 47 హెర్ట్జ్ దాదాపు వినిపించదు. రెండు గోడల నుంచి వచ్చే ఒత్తిడి ఆ చోట ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. ఇదే గదిలో నడుస్తూ మీరే చూడొచ్చు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకుని 47 హెర్ట్జ్‌ను స్పీకర్ల మీద తక్కువ శబ్దంతో మోగనిచ్చి, ముందు గోడ (స్పీకర్ల వెనకున్నది) నుంచి వెనక గోడ (మీ వెనకున్నది) వరకు మెల్లగా నడవండి. నడుమకు రాగానే గది ఖాళీ అయినట్టుంటుంది, వెనక గోడకు చేరేసరికి చెవులు మూసుకోవాలనిపిస్తుంది. చిన్న వూఫర్లు ఆ స్వరాన్ని బలంగా ఇవ్వకపోయినా తేడా తెలుస్తుంది. సౌండ్ మాత్రం పెంచకండి, వూఫర్ పాడవుతుంది.

ఈ రెంటికీ మధ్యన, వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దగ్గర కుర్చీ వేయండి. 12 అడుగుల గదిలో మీ చెవులు వెనక గోడకు 4 అడుగుల ముందు ఉండాలి. అటూ ఇటూ ఆరంగుళాలు జరిగినా నష్టం లేదు, తర్వాత చెవితో సరిచేసుకుంటాం. మంచమే కుర్చీ అయితే దాన్ని గోడ నుంచి లాగలేరు కాబట్టి, కనీసం ఓ తేలికపాటి కుర్చీ అక్కడ వేసుకునే వీలు చూసుకోండి.

టేపుతో మొదటి కొలత

చెవులు ముందు గోడకు 8 అడుగుల దూరంలో ఉన్నాయి. స్పీకర్ ముఖం ఆ గోడకు 3 అడుగులు ముందుకు రానివ్వండి. స్పీకర్ల వరస నుంచి మీకు 5 అడుగులు మిగులుతుంది. ఇక రెండు ట్వీటర్ల (పై స్వరాలు ఇచ్చే చిన్న యూనిట్లు) మధ్య 5 అడుగుల 9 అంగుళాలు పెడితే రెండు స్పీకర్లు, మీ తల కలిసి మూడు భుజాలూ సమానమైన త్రిభుజం అవుతుంది. ట్వీటర్ నుంచి పక్క గోడకు 2 అడుగుల ఒకటిన్నర అంగుళం వస్తుంది. స్టూడియోలకు, ప్రసార సంస్థలకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫార్సు కూడా ఇదే కోణం, మధ్య గీతకు చెరో పక్క 30 డిగ్రీలు.

స్పీకర్ ముందు గోడకు, పక్క గోడకు, నేలకు ఒకే దూరంలో ఉండకూడదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం. గోడ నుంచి తిరిగొచ్చే ధ్వని ఒక స్వరం దగ్గర నేరుగా వచ్చే ధ్వనిని చెరిపేస్తుంది. ఏ స్వరమో కావాలంటే 1130ని ఆ దూరానికి నాలుగు రెట్లతో భాగించండి. 3 అడుగులకు 94 హెర్ట్జ్, 2 అడుగుల ఒకటిన్నర అంగుళానికి 133. వూఫర్ నేలకు 2 అడుగుల 7 అంగుళాల ఎత్తున ఉంటే 109. స్వరం ఇలా చెరిగే గుంటలు మూడూ మూడుచోట్ల పడితే చెవి పెద్దగా పట్టించుకోదు. మూడూ ఒకేచోట పడితే తబలా బాయ దరువు, మగ గొంతులోని దమ్ము రెండూ పోతాయి.

ఎత్తు సంగతి తొందరగా చెప్పుకుందాం. ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. మామూలు కుర్చీలో కూర్చుంటే చెవి నేల నుంచి 38 అంగుళాల దగ్గర ఉంటుంది, మీది కొలుచుకోండి. స్టాండు కొనక్కర్లేదు. దగ్గర్లో వెల్డింగ్ షాపులో చదరపు ఇనుప పైపుతో, కిందా పైనా పలక పెట్టి చేయించి, పైపులో ఎండిన ఇసుక నింపితే కంపనం చాలావరకు తగ్గుతుంది. కింద పలకకు బదులు గ్రానైటు షాపులో పారేసే కిచెన్ గట్టు ముక్క వాడొచ్చు. టీవీ యూనిట్ మీదే పెట్టక తప్పదంటే కనీసం అంచు దాకా ముందుకు జరపండి, కింద రబ్బరు బుడిపెలు పెట్టి ట్వీటర్ చెవి వైపు చూసేలా కాస్త వాల్చండి.

అంగుళం అంగుళంగా బేస్

ఇప్పుడు వాయిద్యాలేవీ లేని మగ గొంతు వేయండి. ఉపన్యాసం గానీ, వార్తలు చదివే మనిషి రికార్డింగ్ గానీ ఏదైనా పర్వాలేదు. మీకు ఏ గొంతు బాగా అలవాటో అది వేసుకోండి. పాటలో బేస్ ఎక్కువైతే కొందరికి నచ్చుతుంది, కానీ మాట్లాడే మనిషి కుండలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంటే అది ఎవరికైనా పట్టుబడుతుంది.

ఒక్క స్పీకర్‌నే మోగనిచ్చి, సాయం పట్టే మనిషి దాన్ని గోడ వైపుకి ఒక్కో అంగుళం నెడుతుంటే మీరు కుర్చీలోనే కూర్చుని వినండి. ఒకచోట గొంతు బొంగురుపోతుంది. అక్కడి నుంచి మళ్లీ ముందుకి లాగుతుంటే ఒక దగ్గర మాట తేటపడుతుంది, ఇంకా లాగితే సన్నబడిపోతుంది. తేటపడిన చోటు మొదలూ చివరా రెండు మాస్కింగ్ టేపు ముక్కలతో నేల మీద గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్యే మీ స్పీకర్ ఉండాల్సింది. అది 3 అడుగుల దగ్గరే దొరకాలని లేదు. కొన్ని స్పీకర్లను గోడకు దగ్గరగా పెట్టుకోవాలనే తయారుచేస్తారు, వాటిని ముందుకు లాగితే బేస్ ఉండదు. కంపెనీ మాన్యువల్‌లో ఆ దూరం రాసి ఉంటే దాన్నుంచే మొదలుపెట్టండి.

వెనక పోర్టు రంధ్రం ఉన్న స్పీకర్ గోడకు దగ్గరగా పెట్టక తప్పని ఇంట్లో, ఉతికిన సాక్సు ఒకటి చుట్టి ఆ రంధ్రంలో దోపండి. బేస్ కాస్త తగ్గి బిగువుగా వస్తుంది. పూర్తిగా లోపలికి తోసేస్తే తీయడం కష్టం, కొస బయట ఉంచండి.

రెండో స్పీకర్‌ను వేరుగా వెతకక్కర్లేదు, మొదటిది ఆగిన చోటుకు సరిగ్గా అద్దంలో ప్రతిబింబంలా పెట్టండి. స్పీకర్లు ముందుకో వెనక్కో కదిలితే మధ్య దూరం, కుర్చీ కూడా తదనుగుణంగా మారతాయి. మళ్లీ టేపు పట్టండి.

గొంతు మధ్యలోకి

రెండు స్పీకర్ల నడుమ ఏమీ లేనిచోట మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపించడమే స్టీరియో. ఈ ఆలోచనను అలన్ బ్లమ్లైన్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు 1931లోనే పేటెంటుగా రాశాడు. అది పలకాలంటే రెండు స్పీకర్ల ధ్వనీ చెవులకు ఒకే క్షణాన, ఒకే బలంతో చేరాలి. ఒక స్పీకర్ మీకు 4 అంగుళాలు దగ్గరైతే దాని ధ్వని 0.3 మిల్లీసెకన్లు ముందొస్తుంది. అంత తేడాకే గాయకుడు ఆ పక్కకు జరిగిపోతాడు. అందుకని కుర్చీలో మీ తల ఉండేచోట ఓ చీపురు కర్రో, కెమెరా ట్రైపాడో నిలబెట్టి, అక్కడి నుంచి రెండు ట్వీటర్లకూ టేపు పెట్టి కొలవండి. పావు అంగుళం లోపు సరిపోవాలి.

దీన్ని పరీక్షించడానికి ఘంటసాల, సుశీల పాడిన 1950లు, 60ల నాటి పాటలు అందరికీ అందుబాటులో ఉన్న సాధనం. అవి మోనో రికార్డింగులు. కుడి ఎడమ తేడా ఏమీ లేదు కాబట్టి గొంతుతో పాటు వయొలిన్లు, తబలా అన్నీ ఒకే సన్నని నిలువు గీతలా మధ్య నుంచే రావాలి. ఒకటే జాగ్రత్త. పాత పాటలకు తర్వాత ప్రతిధ్వని కలిపి ‘స్టీరియో’గా మార్చిన కాపీలు యాప్‌ల్లో చాలా తిరుగుతున్నాయి, అవి ఈ పనికి చెడ్డవి. గొంతు గీతలా కాక రెండు అడుగుల వెడల్పున పరుచుకుని వస్తుంటే స్పీకర్లు మరీ దూరంగా ఉన్నాయి, లేదా పక్క గోడలు అడ్డుపడుతున్నాయి. మధ్యలో ఉండి కూడా ఇరుగ్గా, మొత్తం పాట గది నడుమ ముద్దగా ఉన్నట్టు స్టీరియో పాటల్లో అనిపిస్తే చెరో రెండంగుళాలు ఎడం చేయండి.

ఇక టో-ఇన్, అంటే స్పీకర్లను మీ వైపుకు తిప్పడం. మొదట రెండు ట్వీటర్లూ మీ భుజాల బయటి అంచులను చూసేలా పెట్టండి. కుర్చీలో కూర్చుని చూస్తే ప్రతి స్పీకర్ లోపలి పక్క పలక ఓ సన్నని పట్టీలా కనబడుతుంది. రెండు పట్టీల వెడల్పూ ఒకేలా ఉందా లేదా అన్నది కంటితోనే తెలిసిపోతుంది, దీనికి లేజరు అక్కర్లేదు. ఇంకా లోపలికి తిప్పితే గొంతు గట్టిపడుతుంది, పక్క గోడల మీద పడే ట్రెబుల్ తగ్గుతుంది. చిన్న గదికి అది లాభమే. మరీ తిప్పితే స్టేజ్ కుంచించుకుపోతుంది, కొన్ని ట్వీటర్లు చెవిలో గుచ్చుతాయి, ‘స’లు ‘ష’లు ఈలలా వస్తాయి. ఒకసారికి ఒక వేలి వెడల్పు చొప్పున వెనక అంచును జరుపుతూ, ప్రతిసారీ అదే పాటలో అదే నిమిషం వినండి.

అద్దం, పరుపు

కుర్చీలో మీరు కూర్చోండి. సాయం పట్టే మనిషి పక్క గోడకు అద్దం ఆనించి, మీ చెవి ఎత్తులో, స్పీకర్ దగ్గర నుంచి మీ వైపు జరుపుతూ రావాలి. ఆ పక్క స్పీకర్ ట్వీటర్ అద్దంలో కనబడిన చోట గోడ మీద గుర్తు పెట్టండి. మన కొలతల్లో అది స్పీకర్ ముఖానికి సుమారు ఒకటిన్నర అడుగు ముందు వస్తుంది. అక్కడ తగిలి మీకు చేరే ధ్వని నేరుగా వచ్చేదానికంటే 2.6 మిల్లీసెకన్లే ఆలస్యం. అంత తక్కువ తేడాను చెవి విడిగా వినలేదు, రెండిటినీ కలిపేసి గొంతు అంచులను మసకబారుస్తుంది. అక్కడ పుస్తకాల బీరువా, నిండా బట్టలున్న హ్యాంగర్ స్టాండు, నాలుగంగుళాల ఫోమ్ పరుపు ముక్కకు గుడ్డ కుట్టి నిలబెట్టింది, ఏదైనా పనికొస్తుంది. కోడిగుడ్ల అట్టల మాట మాత్రం మర్చిపోండి, అవి దుమ్ము పట్టడానికే.

స్పీకర్లకూ కుర్చీకీ మధ్య టైల్స్ మీద ఏదైనా పరవాలి. ఓరుగల్లు జంపఖానా చూడ్డానికి బాగుంటుంది గానీ పల్చని నూలు కాబట్టి ఒక్కదాని వల్ల పై ట్రెబుల్ కొంచెం తగ్గుతుంది, అంతే. దాని కింద బొంత గానీ, రెండు మడతల దుప్పటి గానీ వేస్తే తేడా వినిపిస్తుంది. బేస్‌కు ఇవేవీ పనిచేయవు. వెనక గోడ మూలల్లో నిలువుగా పెట్టిన పాత దూది పరుపులు దానికి కొంత పనిచేస్తాయి, అందం సంగతి ఇంట్లో వాళ్లతో తేల్చుకోండి. గదిలో చప్పట్లు కొడితే గోడల మధ్య టకటకమనే శబ్దం తిరుగుతుంటే ఇంకా ఖాళీ గోడ ఎక్కువుందని అర్థం. ఏ మాటకూ ప్రతిధ్వని లేకుండా గదినంతా కప్పేయడం కూడా తప్పే, సంగీతం చచ్చిపోతుంది.

హాల్లోనే వినేవాళ్లకు

హాలు అందరిదీ. సోఫా గోడకే ఉంటుంది, టీవీ యూనిట్ కదలదు. అప్పుడు మూడు పనులు చేయండి. స్పీకర్లను షోకేసు అరల్లోంచి బయటికి తీసి అంచు మీద పెట్టండి. సోఫా గోడకు కనీసం ఒక అడుగు ముందుకు లాగి, ఆ గోడకు తల ఉండేచోట మందపాటి గుడ్డ ఏదైనా వేలాడదీయండి. ఒక పక్క బాల్కనీ స్లైడింగ్ తలుపు, ఇంకో పక్క డైనింగ్ వైపు తెరిచిన హాలు అయితే స్పీకర్లను గోడ మధ్యలోనే పెట్టాలన్న పట్టుదల వద్దు, రెండు పక్కలా దాదాపు ఒకే వాతావరణం దొరికేచోటికి జతను మొత్తంగా జరపండి. బాల్కనీ కర్టెన్ వేయండి. ఇంతకంటే కావాలంటే దగ్గరగా వినడమే మార్గం. స్పీకర్లను మీకు నాలుగడుగుల దూరంలోకి, చెవి ఎత్తుకు తెచ్చుకుని తక్కువ సౌండ్‌లో వింటే హాలు చేసే గొడవ చాలావరకు పక్కకు పోతుంది.

చెవి మీద నమ్మకం చాలకపోతే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఓ కొలత మైకు ఉంటే కుర్చీ దగ్గర ఏ స్వరం ఎంత ఉందో గీత గీసి చూపిస్తుంది. ఫోన్ మైకుతో కింది బేస్ అంకెలు నమ్మొద్దు. గీతలో పెద్ద గుంట కనబడితే ఈక్వలైజర్‌తో నింపబోకండి, చెరిగిపోయే స్వరానికి ఎంత శక్తి పోసినా చెరిగిపోతూనే ఉంటుంది. కుర్చీనో స్పీకర్‌నో జరపాలి. ఉబ్బును మాత్రం ఈక్వలైజర్‌తో తగ్గించుకోవచ్చు.

అంతా కుదిరాక స్టాండ్ల పాదాల మూలలన్నిటికీ టేపు ముక్కలు అంటించి, గోడల నుంచి కొలతలు ఓ కాగితం మీద రాసి ఆంప్లిఫయర్ కింద పెట్టుకోండి. రోజూ తడిబట్ట పెట్టేటప్పుడు స్టాండ్లు జరుగుతూనే ఉంటాయి, టేపు కూడా నెలలోపు ఊడుతుంది.